తెలుపమ్మ

నా చిన్నప్పుడు, ఆరేళ్ళు నిండేదాకా, నా పేరు ‘అవ్వ’ అనే అనుకున్నాను. అమ్మ అట్లాగే పిలిచేది, తాతయ్య అట్లాగే పిలిచేవాడు. నవ్వకండి, మీ పేరు మీకు ఎవరు చెప్పారో ఒకసారి గుర్తు చేసుకోండి చూద్దాం.

గిద్దలూరు దగ్గర మా పల్లెలో బడి పెట్టిన ఏడు నన్నూ పంపారు. పేరడిగిన పంతులుగారికి ‘అవ్వ’ అని చెప్పాను. పిల్లలు గొల్లుమన్నారు. పిల్లల పేర్ల పట్టీ అప్పటి మా జిల్లా కేంద్రం కర్నూలుకు పోవాలట, పేరు లేని పిల్లను అందులో ఎక్కించడం కుదరదట. రెండు రోజుల్లో పేరు తెలుసుకుని రమ్మన్నారు. లేకపోతే నాకు మిగిలేది మేకల వెంట పోవడమే. అప్పటికే పలకాబలపం మీద నాకు మనసు పడిపోయింది.

అమ్మను అడిగితే నాలుక కరుచుకుంది. నేను పుట్టకముందే పోయిన మా నాయనమ్మ పేరు నాకు పెట్టారట. అత్త పేరు కోడలి నోట రాకూడదు కదా! చెప్పగలిగిన మా నాయన రైలుకట్ట పనిలో ఉండి వారానికోసారి గానీ ఇంటికి రాడు. నా ఏడుపు చూడలేక అమ్మ పొడుపుకథ వేసింది. “పొద్దున్నే మేకల దగ్గర పిండుకునేది ఏందే? దానికి అమ్మ అని తగిలించు.”

మా ఇంట్లో దాన్ని ‘తెలుపు’ అనేవాళ్ళం. “పిల్లకు తెలుపు పొయ్యి”, “తెలుపు విరిగింది” అనడమే అలవాటు. ఊళ్ళోవాళ్ళు వేరే మాట అంటారని తెలియక కాదు. మా అవ్వ పేరు కాబట్టి మా ఇంటి మాటే అయి ఉంటుందనుకున్నాను. మర్నాడు బడిలో గట్టిగా “తెలుపమ్మ!” అన్నాను. ఈసారి పంతులుగారు కూడా నవ్వారు. ఇక బడి ముఖం చూడనని ఇంటికొచ్చి మూల కూర్చున్నాను.

సంగతి విన్న తాతయ్య మేకలను దొడ్లోనే ఉంచి, నా చెయ్యి పట్టుకుని బడికి నడిచాడు. భార్య పేరు ఆయన ఏనాడూ ఎత్తినవాడు కాదు. పంతులుగారి ముందు తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, రెండుమూడుసార్లు గొంతు సవరించుకున్నాడు.

“పాలమ్మ, సామీ” అన్నాడు. మళ్ళీ “పాలమ్మ” అన్నాడు.

రెండోసారి అన్నది పంతులుగారితో కాదని ఇప్పటికీ నా నమ్మకం. తాతయ్య కళ్ళు తడిగా ఉన్నాయి. ఇంట్లో తెలుపు ఎందుకు తెలుపయిందో కూడా నాకు అప్పుడే అర్థమయింది.

తిరిగొచ్చే దారిలో తాతయ్య చాలాసేపు మాట్లాడాడు. “ఈ పేరు మాది కాదు అవ్వా. మీ అవ్వ రాచర్ల నుంచి తెచ్చింది. ఆమెకు వాళ్ళ నాయన తల్లి పేరు పెట్టినారు. ఆ ముసలామె దర్శి పక్కనుంచి కోడలుగా వచ్చినాది. మా ఇంటిపేరు ఈ ఊరు దాటలే. మీ ఆడోళ్ళ పేరు చూడు, ఎన్ని ఊళ్ళు తిరిగొచ్చిందో!” అన్నాడు.

“అంతకుముందు ఎవరు?” అని అడిగాను. తెలియదన్నాడు. పలికేవాళ్ళు లేకపోతే పేరు ఎవరికి గుర్తుంటుందని ఆయనే బాధపడ్డాడు. మగవాళ్ళ పేర్లయితే ఏడు తరాలవి ఏకబిగిన చెప్పగలడు. గౌరవమని దాచుకున్న పేర్లే మా ఇంట్లో మాసిపోయాయి. తాతయ్య అన్న ఆ మాట నా మనసులోంచి పోలేదు.

నా మనవరాలికి నా పేరు పెట్టిన రోజున, “అత్త పేరు ఎట్ల పిలిచేది?” అని కోడలు మొహమాటపడింది. నేను ఊరుకోలేదు. నలుగురిలో మూడుసార్లు పిలిపించాను. ఇప్పుడు కోడలు పెరట్లోంచి “ఏయ్ పాలమ్మా!” అని కేకేస్తే ఇద్దరం పలుకుతాం. ముందు పలికేది నేనే.