తోకలక్క బుట్టలూ, నా టోపీ

మా చేతిపనుల సంతలో ఆవిడ అసలు పేరుతో ఎవరికీ పనిలేదు. తోకలక్క అంటే చాలు, చెప్పులు కుట్టే ముసలాయన తల కూడా ఎత్తకుండా దారి చూపిస్తాడు. ఆవిడ పేముతో బుట్టలు అల్లుతుంది. బుట్ట పూర్తయ్యాక ఆఖరి బద్దను అందరూ లోపలికి దోపి కత్తిరిస్తారు. ఆవిడ మాత్రం నాలుగు వేళ్ల పొడవున బయటికి వదిలేస్తుంది.

దీని వెనక ఒక ఆడపడుచు ఉంది. తోకలక్క పెళ్లయిన కొత్తలో వదినా ఆడపడుచులిద్దరూ ఒకే వరండాలో కూర్చుని అల్లేవారట. సాయంత్రానికి మంచి బుట్టలన్నీ ఆడపడుచువి అయ్యేవి, వంకరవన్నీ కొత్తకోడలి ఖాతాలో పడేవి. ఆర్నెల్లు ఓపిక పట్టి, ఒకరోజు ఈవిడ నోరెత్తకుండా తన బుట్టలన్నిటికీ తోకలు వదిలింది. వంకరవి ఎవరివో ఆ పూటే అత్తగారికి తెలిసిపోయింది. ముప్పయ్యేళ్లయినా ఇద్దరూ సంతలో ఎదురెదురుగానే కూర్చుంటారు. పొద్దున్నుంచీ దెప్పుకుంటారు, మధ్యాహ్నం ఒకే డబ్బాలో అన్నం తింటారు.

ఈ కథంతా నాకు ముందే తెలిసుంటే బాగుండేది. ఆవిడ తీరిక లేక తోకలు వదిలేస్తోందనీ, జనం వెక్కిరించి ఆ పేరు పెట్టారనీ అనుకునేవాణ్ని.

నేను ఆవిడకు ఆదివారం బేరాన్ని. కిందటేడు ఎండకు నా బట్టతల మాడిపోతుంటే, ఆవిడ చాప మీద బోర్లించిన చిన్న బుట్ట తీసి నెత్తిన పెట్టుకున్నాను. కొలత తీసినట్టు సరిపోయింది.

"ఎలా ఉందక్కా?" అన్నాను.

ఆవిడ నన్నూ బుట్టనూ మార్చి మార్చి చూసింది. "నీకోసమే అల్లినట్టుంది తమ్ముడూ."

అప్పట్నుంచి ప్రతి ఆదివారం అదే నా టోపీ. నేను నడుస్తుంటే జనం చిరునవ్వులు చిందించేవారు. నాకు సంతలో మంచి పేరుందనుకున్నాను.

ఈలోగా సంతకు రేకుల షెడ్డు వేశారు. అందులో చోటు స్వయంగా అల్లేవాళ్లకే. ఎండకు బద్దలు పెళుసెక్కి, వానకు బూజుపట్టి విసిగిపోయిన తోకలక్క దానికోసం వెయ్యి కళ్లతో ఎదురుచూస్తోంది. దరఖాస్తులో తన పనికి గుర్తుగా తోకనే రాయించింది. తనిఖీ మేడమ్ వచ్చి సరుకు మీద ఆ గుర్తు చూస్తే చోటు ఖాయం. లేకపోతే తర్వాతి వాళ్లకు పోతుంది. గుర్తు సంగతి నాకెవరూ చెప్పలేదు. ఆ ఆదివారం మేడమ్ వస్తుందని మాత్రం చెప్పారు.

"కాస్త చూస్తుండు తమ్ముడూ, టీ తెస్తా," అని ఆవిడ అటు వెళ్లింది.

నేను సరుకు వంక చూశాను. దువ్వెన ఎరగని తలల్లా ఉన్నాయి బుట్టలు. పెద్ద మనిషి వచ్చే వేళకు ఈ అవతారమా అనుకుని, పక్కనే ఉన్న కత్తెర అందుకున్నాను. ఆవిడ తిరిగొచ్చేసరికి నలభై ఒక్క బుట్టలకు క్షవరం పూర్తయింది.

"తమ్ముడూ, తోకలేవీ?"

"శుభ్రం చేశానక్కా," అని గుప్పిట విప్పి ముక్కలు చూపించాను.

ఆవిడ చాప మీద కూలబడి, నాకోసం తెచ్చిన టీ తనే తాగేసింది. తర్వాత తన టీ కూడా తాగింది.

ఎదురుగా ఆడపడుచు మెడ సాచింది. "ఏం వదినా, మీ తమ్ముడు బాగానే గొరిగాడే. ఇప్పుడవి నావన్నా కాదనేవాళ్లు లేరు."

అంతలో మేడమ్ రానే వచ్చింది. రిజిస్టరు తెరిచింది, కళ్లజోడు సర్దుకుంది. "గుర్తేదమ్మా?"

నేనొక ముక్క తీసి ఒక బుట్టకు ఆనించి పట్టుకున్నాను.

"అలా పట్టుకుంటే కుదరదండీ. అల్లికలోంచే రావాలి."

"ఇప్పుడే ఒకటి అల్లి చూపిస్తానమ్మా," అంది తోకలక్క.

"ఎంతసేపు?"

"సాయంత్రం దాకా."

"నాకింకా పన్నెండు దుకాణాలున్నాయమ్మా." రిజిస్టరు మూతపడబోయింది. నేను మొహం చూపించలేక అటు తిరిగి నిలబడ్డాను.

"మేడమ్," అంది ఆడపడుచు తాపీగా, "వెళ్లేముందు ఆ పెద్దాయన వెనక చూడండి."

"వెనకేముంది?"

"తోక."

చేతికందిందల్లా కత్తిరించినవాణ్ని, నా మెడ మీద వేలాడేదాన్ని మాత్రం చూసుకోలేదు. మేడమ్ నాలుగు వేళ్లు ఆనించి కొలిచింది. నాకు చక్కిలిగిలి పుట్టి కిసుక్కున నవ్వాను.

"కదలకండి. నాలుగు వేళ్లు, సరిపోయింది. ఇదేంటమ్మా, టోపీయా?"

తోకలక్క నా వంక జాలిగా చూసింది. "కూరగాయలు కడిగి నీళ్లు ఓడ్చే బుట్ట అమ్మా."

సంత సంతంతా ఒక్కసారి గొల్లుమంది. ఏడాది చిరునవ్వులకు అర్థం అప్పుడు తెలిసింది. మేడమ్ మాత్రం నవ్వకుండా రాసుకుంది: "నమూనా: నీళ్లోడ్చే బుట్ట ఒకటి. లభించిన చోటు: కొనుగోలుదారు తల." నమూనా ఆఫీసులో ఉండాలట. నా టోపీ సంచీలోకి వెళ్లిపోయింది. తోకలక్కకు షెడ్డులో మూడో నంబరు చోటు దక్కింది. నాలుగోది ఆడపడుచుది.

మొన్న ఆదివారం వెళ్తే నాకోసం ఒకటి అల్లి ఉంచింది, తోకతో సహా.

"ఇదైనా టోపీయేనా అక్కా?"

"నెత్తిన పెట్టుకుంటే టోపీయే తమ్ముడూ," అంటూ కత్తెర తీసి ఒళ్లో దాచుకుంది. "ఇక చెప్పు, టీ తాగుతావా?"