సినిమాలో లేని అక్క

మా నాయన లెక్కలో సినిమా కోర్టు, టీవీ రచ్చబండ. రచ్చబండ మీద ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు, తీర్పు మాత్రం కోర్టుదే. ఆయన మనసులో ఇలాంటి లెక్క ఒకటి ఉందని మాకెవరికీ ముందు తట్టలేదు. తట్టి ఉంటే ఆ రోజు చిత్తూరు థియేటర్‌కు మా ముగ్గురిలో ఎవరమూ పోయేవాళ్లం కాదు.

నాయన బంగారుపాళ్యంలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ కాటా దగ్గర పనిచేసేవాడు. కాయల ట్రాక్టరు వస్తే తూకం చూసి చీటీ ఇవ్వడం ఆయన పని. సీజనంతా ఆయన చొక్కాలు సొన వాసన కొట్టేవి. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నన్ను పెంచింది అక్కే. నాకు అన్నం పెట్టి, స్కూలుకు పంపి, తాను చదువుకుని, చిత్తూరు ఆసుపత్రిలో నర్సు అయింది. అక్కడే ఒక ముస్లిం దర్జీని ఇష్టపడి పెళ్లి చేసుకుంది.

నాయన అరవలేదు, కొట్టలేదు, పంచాయితీ పెట్టలేదు. ఆమె పేరు పలకడం మానేశాడు, అంతే. గోడ మీది అక్క ఫోటోను కూడా తీయలేదు. దాని మీద క్యాలెండరు తగిలించాడు. నేనెప్పుడైనా అక్క మాట ఎత్తితే పశువులకు గడ్డి వేయాలంటూ లేచి పోయేవాడు. పశువులను అమ్మేసిన తర్వాత కూడా అలాగే లేచి పోయేవాడు. కొట్టి తిట్టే తండ్రితో ఎలాగో వేగొచ్చు. ఇలాంటి మనిషితో ఏం చేయాలో దేవుడికే తెలియాలి.

నేను తిరుపతిలో ఒక లాడ్జి కౌంటర్లో కుదిరాను. ఆ రోజుల్లో ఒక సినిమా బాగా ఆడింది. సీమ లారీ డ్రైవరు కథ, మామూలు కొట్లాటల సినిమానే. అందులో హీరోకి ఒక ముసలి తండ్రి, ఒక అక్క ఉంటారు. అక్క కనిపించేది ఒక్క సీన్లో. తమ్ముడికి అన్నం వడ్డించి, రసం పోసి లోపలికి పోతుంది. సినిమా ఆడిందని ఒక టీవీ చానల్ వాళ్లు ఆ ఇంటి కథనే సీరియల్ చేశారు. హీరో ఖరీదైన మనిషి కాబట్టి అతను ఎప్పుడూ లారీ మీద ఊళ్లలో ఉన్నట్టు చెప్పి, కథంతా ఆ అక్క మీద, ముసలాయన మీద నడిపారు. ఆ అక్క ఇంట్లో చెప్పకుండా వేరే మతం వాణ్ణి చేసుకుని వెళ్లిపోతుంది. ముసలాయన ఆమెతో మాట్లాడడు.

నేను ఆ సీరియల్ చూసేవాణ్ణి కాదు. ఒక సాయంత్రం నాయన ఫోన్ చేశాడు. ఎప్పుడూ తానుగా చేసే మనిషి కాదు కాబట్టి ఏమైందోనని కౌంటర్ వదిలి బయటికి వచ్చి ఎత్తాను.

"ఆ సీరియల్ సూస్తా ఉండావా? ఆ పిల్ల అట్ల పోకుండా ఉండాల్సింది రా. ఆయప్ప మాత్రం యేం జేస్తాడు? ఊర్లో తలెత్తుకోని తిరగాల గదా."

ఆయప్ప అన్నది సీరియల్లో ముసలాయనను. ఏమనాలో తెలియక ఊ కొట్టాను. తర్వాత అక్కకు ఫోన్ చేసి ఇలా అంటున్నాడని చెప్పాను. ఆమె కూడా ఆ సీరియలే చూస్తోంది. "ఆ ఆయప్పకు ఊరు ముక్యమా, కన్న కూతురు ముక్యమా? అడిగినానని చెప్పు," అంది.

ఎవరు అడిగారని చెప్పాలో ఆమె అనలేదు. నేనూ అడగలేదు. మర్నాడు నాయనకు ఆ మాటను నా మాటలా చెప్పాను. అప్పటినుంచి మా ఇంట్లో అదొక పద్ధతి అయిపోయింది. సీరియల్ అయిపోగానే నాయన ఫోన్, ఆ వెంటనే అక్కకు నా ఫోన్. ఆయన "ఆ పిల్ల" అనేవాడు, ఈమె "ఆ ఆయప్ప" అనేది. మధ్యలో నేను పోస్టుమాన్ పని చేసేవాణ్ణి. కౌంటర్ దగ్గర రూము కోసం జనం నిలబడి ఉంటే నేను ఫోన్లో సీరియల్ గురించి వాదిస్తున్నానని మేనేజరు తిట్టిన రోజులు లేకపోలేదు.

ఒకరోజు అక్క అంది, "ఆ పిల్ల కడుపుతో ఉన్నెప్పుడు యెట్లుండావని ఒక మాట అడిగినాడా ఆయప్ప? మామిడికాయలు తినాలనిపిచ్చి యేడ్సినాది రా ఆ పిల్ల. కాయల మద్దెన ఉండే మనిషికి ఒక కాయ పంపియాలని తోచలా."

సీరియల్లో ఆ పిల్ల కడుపుతో ఉన్నదే లేదు. అది నాకూ తెలుసు. అయినా ఉన్నది ఉన్నట్టు నాయనకు చెప్పాను. ఆయన కాదనలేదు. అలాంటి సీను ఎప్పుడొచ్చిందిరా అని కూడా అడగలేదు.

"పంపియాల్సిండె," అన్నాడు.

ఆ మాట చెబితే అక్క ఫోన్లోనే ఏడ్చింది. పిచ్చివాడిలా నాకూ ఏడుపొచ్చింది. పదమూడేళ్ల పాప ఉన్న ఆడమనిషి, అప్పుడు తినని మామిడికాయ కోసం ఏడుస్తుంటే ఎవరికైనా రాదా? ఇక ఇద్దరూ కలవడానికి ఎన్నో రోజులు పట్టవనుకున్నాను. సీరియల్లో ముసలాయన కూడా మెత్తబడుతున్నాడు. ఆయన గడప తొక్కిన మర్నాడు మా నాయన కూడా బస్సెక్కుతాడని నాకు గట్టి నమ్మకం.

అంతలో సీరియల్ ఆగిపోయింది. చివరి రోజు ముసలాయన చేతి సంచితో బస్సు దిగి, కూతురి ఇల్లు వెతుక్కుంటూ వెళ్లి, తలుపు కొట్టడానికి చెయ్యి ఎత్తాడు. అక్కడితో సరి. మర్నాడు ఆ సమయానికి వంటల కార్యక్రమం వేశారు. సినిమాకు రెండో భాగం తీస్తున్నారని, అందుకే సీరియల్ ఆపమన్నారని ఎవరో అన్నారు. మాకదే మంచి మాటలా వినిపించింది.

"మిగిలింది సినిమాలో పెట్టినట్టుండారు. పెద్ద తెర మీద సూపిస్తారు," అన్నాడు నాయన.

అక్క కూడా అదే అనుకుంది. నేనూ అదే అనుకున్నాను. సీరియల్ తీసినవాళ్లు ఒకరు, సినిమా తీసేవాళ్లు ఇంకొకరు, ఒకరి కథ ఒకరికి పట్టదు అన్న ఆలోచన మా ముగ్గురిలో ఒక్కరికీ రాలేదు. ఒక ఇంటి కథ ఒకటే ఉంటుంది కదా అనుకున్నాం.

సినిమా వచ్చే వారం నాయన ఫోన్ చేశాడు. "చిత్తూరులో ఆడతాది. అందురం పోదాం. చెప్పాల్సినోళ్లకు చెప్పు."

అక్కకు చెప్పాను. బావ తాను రానన్నాడు. "మొదట మీ నాయనతో నువ్వు మాట్లాడు, తర్వాత నేనొస్తాలే," అని ఆమెకు కొత్త చీరకు జాకెట్టు తానే కుట్టి ఇచ్చాడు.

ఆదివారం మధ్యాహ్నం ఆట. నాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, సంచిలో ఖాదరు మామిడికాయలు తెచ్చాడు. బయటి తినుబండారాలు కుదరవని గేటు దగ్గర ఆపితే, "తినేదానికి కాదప్పా, ఇచ్చేదానికి," అని బతిమాలాడు. సంచిని సీటు కింద పెట్టుకున్నాడు. అక్క వచ్చింది. నాయన తెర వైపే చూస్తూ కాళ్లు కొంచెం పక్కకు జరుపుకుని దారి ఇచ్చాడు. నేను మధ్యలో కూర్చున్నాను. అంత సంతోషంగా నేను ఏ సినిమాకూ కూర్చోలేదు.

మొదటి అరగంట లారీలు గాల్లోకి లేచాయి. ముసలాయన లేడు, ఫోటోకు దండ వేసి ఉంది. తర్వాత ఒక పాటకు ముందు హీరోయిన్ హీరోను, "మీ ఇంట్లో ఎవరెవరు ఉంటారు?" అని అడిగింది.

"ఎవరూ లేరు. మా నాయనకు నేనొక్కణ్ణే," అన్నాడు హీరో.

పాట మొదలైంది. థియేటర్లో ఈలలు. మా వరుసలో మాత్రం ముగ్గురం కదల్లేదు. మొదటి సినిమాలో రసం పోసిన అక్కను వాళ్లే మరిచిపోయారు, సీరియల్లో పిల్ల వాళ్లకెందుకు గుర్తుంటుంది? అక్క మొహం వైపు చూసే ధైర్యం నాకు చాల్లేదు.

ఇంటర్వెల్ లైట్లు వెలిగాయి. నాయన నా భుజం తట్టాడు.

"ఆ పిల్ల యాడరా?"

"ఈ సినిమాలో లేదు నాయనా. సీరియల్ కథను వీళ్లు తీసుకోలేదు."

"తీసుకోకపోయేదేంది? పిల్ల పుట్నాది గదా? పుట్టిన పిల్ల లేకుండా యెట్ల పోతాది?"

కోపంగా అనలేదు. నిజంగానే అర్థం కాక అడిగాడు. నేను నోరు తెరిచేలోపు అక్క లేచి నిలబడింది. ఇన్నేళ్లలో మొదటిసారి ఆయన మొహంలోకి చూసి మాట్లాడింది.

"పోతాది నాయనా. నువ్వు తీసెయ్యలా? యెవురన్నా అడిగితే యేం చెప్పినావు ఇన్నేండ్లు? నాకు ఒక్క కొడుకే అని చెప్పలా?"

ఆయన ఏదో చెప్పేవాడేమో. ఆయన పెదవులు కదలడం నేను చూశాను. కానీ అక్క ఆగలేదు. కన్నీళ్లు తుడుచుకుంటూ మనుషులను తప్పించుకుని బయటికి వెళ్లింది. వెనకాలే పరుగెత్తాను. ఆటో ఎక్కుతూ, "నువ్వు చెప్పిన మాటలన్నీ ఆయన నాకు చెప్పినట్టే విన్న్యాను రా. ఆయన సీరియల్ సూసినాడు, అంతే," అంది.

కాదక్కా అన్నాను. మామిడికాయల మాట గుర్తుచేశాను. సీటు కింద సంచి ఉందని చెప్పాను. ఆటో వెళ్లిపోయింది.

తిరిగి వచ్చేసరికి నాయన సీట్లోనే ఉన్నాడు. పోదాం రమ్మంటే, "ఉండు, ఆఖర్న వస్తాదేమో," అన్నాడు. తెర మీద పేర్లన్నీ పైకి పోయేదాకా, ఊడ్చేవాళ్లు వరుసల్లోకి వచ్చేదాకా కూర్చున్నాడు. ఆ పిల్ల రాలేదు. కాయల సంచి మోసుకుని బస్టాండు దాకా నడిచాడు. నాకు ఆయన మీద పీకలదాకా కోపం, అంతకు మించి జాలి. ఆ సినిమా తీసినవాళ్లు ఎదురైతే కొట్టేవాణ్ణే.

ఆ తర్వాత సాయంత్రం ఫోన్లు ఆగిపోయాయి. మాట్లాడుకోవడానికి ఏముంది? "ఆ పిల్ల" లేదు, "ఆ ఆయప్ప" లేడు. నేరుగా అక్క పేరు ఎత్తితే నాయన ఫోన్ పెట్టేస్తాడు. నేరుగా నాయన మాట ఎత్తితే అక్క, "డ్యూటీ ఉండాది రా," అంటుంది. చిత్తూరికీ బంగారుపాళ్యానికీ గంటకో బస్సు ఉంది. ఎవరూ ఎక్కరు.

మొన్న సెలవు పెట్టి ఇంటికి వెళ్లాను. సాయంత్రం నాయన టీవీ ఆపేసి వసారాలో కూర్చుని ఉంటే, ఇక ఉండబట్టలేక, సీరియల్ మిగతా కథ నాకు తెలిసిందని అబద్ధం మొదలుపెట్టాను. ముసలాయన తలుపు కొట్టాడని చెప్పాను. కూతురు తలుపు తీసిందని, చెంబుతో నీళ్లు తెచ్చిందని, మనవరాలు వచ్చి ఎవరు నువ్వు అని అడిగిందని, నాకు తోచినంత బాగా కట్టి చెప్పాను. నాయన మధ్యలో లేవలేదు. చివరిదాకా విన్నాడు. ఆయన కళ్లు తడిశాయి. అయిపోయిందనుకున్నాను. ఇప్పుడే అక్కకు ఫోన్ కలిపి ఇద్దామని జేబులో చెయ్యి పెట్టాను.

"బాగుండాది," అన్నాడు తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ. "గానీ అది నువ్వు చెప్పేది. సినిమాలో ఆ పిల్లే లేదనేసినారు గదరా."