వంటింటి గోడ తీసిన రోజు

మా చిన్నప్పుడు... వేసవి సెలవుల్లో ఒక మధ్యాహ్నం, మా వంటింటి కప్పు పెళపెళమని విరిగిన చప్పుడు విన్నాను. లోపల అమ్మ ఉంది.

కలిదిండిలో మాది పాత పెంకుటిల్లు. చుట్టూ చేపల చెరువులు కావడంతో గోడలకి ఏడాది పొడుగునా చెమ్మే. వంటిల్లు చీకటిగా ఉండేది. దాని ముందు ఇంకో చిన్న గది... అక్కడే పీటలు వేసుకుని అన్నాలు తినేవాళ్లం. రెంటికీ మధ్య ఒక మట్టిగోడ.

నాన్నగారు లెక్కల మాస్టారు. ఆ గోడ తీయించేసి, అమ్మ నిలబడి వండుకునేలా గట్టు కట్టించి, అందరం బల్ల దగ్గర కూర్చుని తినాలని ఆయన కోరిక.

మేస్త్రి ఏసుపాదం గారు మొదటిరోజే పైన దూలం చూపించి చెప్పారు...

"మాస్టారండీ, కప్పు బరువంతా ఈ గోడ మీదే ఉందండీ. దూలానికి ఆధారంగా సరుగుడు బాదులు నిలబెడతాను. నేను చెప్పేదాకా అవి మాత్రం కదపకండి."

దూలం కింద రెండు బాదులు నిలబెట్టి, గోడ సగానికి పైగా తీసేశారు. మూడోరోజు ఏలూరు నుంచి బల్ల వచ్చింది. అప్పటికి మేస్త్రి గారూ, ఆయన భార్య మరియమ్మ గారూ అన్నానికి ఇంటికెళ్లారు. చూస్తే బల్ల లోపలికి పట్టదు... ఒక బాదు అడ్డం. "పావుగంటలో మళ్లీ పెట్టేద్దాం" అని నాన్నగారు దాన్ని పక్కకి జరిపి, బల్ల ఎత్తించడానికి వీధిలోకి వెళ్లారు.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. నా లక్కపిడతల పెట్టె వంటింటి అటక మీద ఉండిపోయింది. అది కావాలని పొద్దుట్నించీ ఒకటే రాగం... "అబ్బ, తెచ్చిస్తాలే, ఊరుకో" అంటూ అమ్మ లోపలికెళ్లింది.

అంతే... పెళపెళమని చప్పుడు. పెంకులు జలజలా రాలాయి. దూలం ఒక చివర జారి వంటింటి గుమ్మానికి అడ్డంగా పడింది. తెల్లగా దుమ్ము. ఏమీ కనపడలేదు.

నాన్నగారు పరుగున వచ్చి లోపలికి దూకబోయారు. అప్పుడే భార్యతో అన్నం తిని తిరిగొచ్చిన మేస్త్రి గారు ఆయన నడుం పట్టుకుని లాగేశారు.

"ఆగండి మాస్టారూ! మీరు అడుగేస్తే మిగతాది అమ్మగారి మీదకి దిగిపోద్ది!"

వంటింటికి వేరే తలుపు లేదు. పెరటి వైపు ఒక చిన్న కిటికీ, దానికి ఇనప ఊచలు. మరియమ్మ గారు నన్ను చంకనేసుకుని అటు పరిగెత్తారు. అమ్మ మూలకి ఆనుకుని నిలబడి ఉంది... జుట్టంతా తెల్లటి దుమ్ము. తనకి అడుగు దూరంలో ఒక్కో పెంకే పడుతోంది. పడిన ప్రతిసారీ అమ్మ కళ్లు మూసుకునేది.

మేస్త్రి గారు రంపపు బ్లేడుతో ఊచలు కోయడం మొదలెట్టారు. చప్పుడు ఎక్కువైతే పైన కప్పు కిర్రుమనేది. ఆయన ఆగేవారు. మళ్లీ మెల్లగా కోసేవారు. నాన్నగారు రెండు చేతులతో ఊచ కదలకుండా పట్టుకున్నారు.

"ఏడో ఎక్కం చెప్పవే" అంది అమ్మ నాతో.

ఏడ్చుకుంటూ మొదలెట్టాను. ఏడేళ్లు నలభై తొమ్మిది దాకా వచ్చి ఆగిపోయాను.

"యాభై ఆరు... తర్వాత?" అంది అమ్మ. నాకు ధైర్యం చెప్పడానికి అడిగిందనుకున్నాను. తనకి భయమేసి అడిగిందని, నాకూ పిల్లలు పుట్టాక తెలిసింది.

మూడు ఊచలు తెగేసరికి గంట పైనే పట్టింది. అమ్మని చంకల కింద పట్టి బయటికి లాగారు. మోచేయి చీరుకుపోయింది, అంతకు మించి దెబ్బల్లేవు. ఆ సాయంత్రమే మిగతా కప్పంతా కూలిపోయింది.

అమ్మ బయటపడగానే నాన్నగారు నేల మీద కూలబడి, "ఎందుకెళ్లావు లోపలికి?" అన్నారు.

అమ్మ నా వంక చూసింది. "ఉప్పు జాడీ కోసమండీ... నాదే బుద్ధిలేని పని."

నేను మరియమ్మ గారి కొంగు వెనక దాక్కున్నాను.

వానలు పడేలోపు మేస్త్రి గారు కొత్త దూలం ఎక్కించారు. గట్టు కట్టారు. బల్ల కూడా వేశాం. కానీ నాన్నగారు ఏనాడూ ఆ బల్ల దగ్గర కూర్చుని తినలేదు. పీట మీదే.

మొన్న తాడేపల్లిగూడెంలో మా వంటిల్లు మార్పించాం. ముందే కంప్యూటర్‌లో బొమ్మ చూపించారు. కప్పుకి ఆధారంగా ఇనప జాకీలు పెట్టి, మిషన్‌తో ఒక్కపూటలో గోడ కోసేశారు. ఆ చప్పుడు వినలేక నేను వీధిలోకెళ్లి నిలబడ్డాను. నాన్నగారు మూడుసార్లు ఫోన్ చేశారు. "కప్పు కింద ఆధారం పెట్టారామ్మా? అప్పుడు నా తొందర వల్లే మీ అమ్మ ప్రాణాల మీదకొచ్చింది" అన్నారు.

నాన్నగారూ... నా పోస్టులన్నీ మీరు చదువుతారని తెలుసు. అమ్మ ఉప్పు జాడీ కోసం వెళ్లలేదండీ. నా లక్కపిడతల కోసం వెళ్లింది. ఇన్నేళ్లూ ఎదురుగా చెప్పే ధైర్యం లేకపోయింది.

ఇప్పుడు ఇంటి పనంటే తాళాలు పనివాళ్లకిచ్చేసి మనం పక్కకి తప్పుకుంటున్నాం. అప్పట్లో ఇల్లు విప్పితే ఇంటిల్లిపాదీ ఆ దుమ్ములోనే... ఒకరి కోసం ఒకరు హడలిపోతూ. మీ ఇళ్లల్లోనూ ఎవరైనా మీ తప్పు తమ మీద వేసుకున్నారా? రాయండి... నేనైతే రేపు పొద్దున్నే బస్సెక్కి నాన్నగారి దగ్గరికి వెళ్తున్నాను.