ఎండలో ఆరిన వెల్డింగ్ రాడ్లు

కళింగపట్నంలో ఎర్రన్న ఇంటి పెరట్లో ఓ రేకుల పాక, పాకలో ఓ చిన్న వెల్డింగ్ మిషను. పెద్ద మిషను పెడితే ఇంటి మీటరు కాలిపోతుందని కరెంటు పని చేసేవాడు భయపెట్టాడు. అందుకని భుజానికి తగిలించుకునేంత చిన్నదే కొన్నాడు. గేట్లకీ, కిటికీ చువ్వలకీ అదే చాలింది. మనిషి మహా జాగ్రత్తపరుడు, ముఖానికి అద్దం లేనిదే పని మొదలుపెట్టడు. ఒక్క విషయంలోనే ఊరి అలవాటు పోనిచ్చుకోలేదు పాపం. ఈ ఊళ్లో చెమ్మగిల్లిన దేన్నయినా ఎండలో పరిచేస్తారు. సముద్రపు గాలికి రాడ్లు చెమ్మ పడితే, అక్క లక్ష్మణమ్మ ఉప్పుచేపలు ఆరబెట్టే పట్టా మీదే, ఆ చేపల పక్కనే పరిచాడు. ఎండ చాలదు, పొయ్యి వేడికి బాగా కాచి వాడాలని రాడ్లమ్మినవాడు చెప్పనే చెప్పాడు. వింటేగా!

ఆ రాడ్లతోనే నిన్న సాయంత్రం బావ దాలయ్య బోటు పని చేశాడు. ఇంజనును పట్టి ఉంచే ఇనుప చట్రం విరిగితే అతికాడు. రాడ్డు చిటపటలాడింది, లెక్కచేయలేదు. అతుకు పైకి నున్నగా వచ్చింది. బావ వేలితో తడిమి చూసి మురిసిపోయాడు.

ఈవేళ పొద్దెక్కాక అవే రాడ్లతో పక్కింటివాళ్ల గొళ్లెం అతికి, గట్టిదనం చూద్దామని సుత్తితో ఓ దెబ్బ వేశాడు. టప్పున రెండు ముక్కలైంది. విరిగిన చోట లోపలంతా పురుగు తిన్నట్టు బొక్కలు, రాడ్లలో మిగిలిన చెమ్మ చేసిన పనే. అయ్యో, ఎంత పని చేశాను! బావకు ఫోను కొట్టాడు, కలవలేదు. మళ్లీ కొట్టాడు. చెప్పులైనా వేసుకోకుండా ఒడ్డుకు పరిగెత్తాడు.

లక్ష్మణమ్మ అక్కడ చేపలు తిరగేస్తోంది.

"అక్కా, బావేడి?"

"ఏటిరా ఆ రొప్పు? సీకటుండగానే ఎల్లిపోనాడు. తమ్ముడేసిన అతుకు గట్టిగున్నాది, ఇయ్యాల దూరం పోయొస్తానన్నాడు."

ఎర్రన్నకు ఇక నిజం చెప్పక తప్పదు. "ఆ అతుకు నిలవదక్కా. ఇంజను ఊడిపోతాది. తప్పు నాదే, రాడ్లు పాడైపోనాయి, సూసుకోలేదు."

లక్ష్మణమ్మ తమ్ముడి చొక్కా పట్టుకుని ఊపేసింది. "నీ మీద నమ్మకంతోనే గదరా ఎల్లినాడు! నా మనిసిని నాకు తెచ్చియ్యి!"

ఎర్రన్న ఆమె చేతులు విడిపించుకుని, పక్కనే వల సర్దుకుంటున్న అప్పలసూరి కాళ్ల మీద పడ్డాడు. "మావా, నీకు దండమెడతాను, బోటు తియ్యి. మా బావ సంద్రంలో ఉన్నాడు."

అప్పలసూరి వల అక్కడే పడేశాడు. ఇద్దరూ కలిసి బోటును నీళ్లలోకి తోశారు. ఒడ్డు అలలు దాటాక అప్పలసూరి ఇంజను మీద చెయ్యేసి వెనక్కి తిరిగాడు.

"ఎటేపు పోనియ్యమంటావురా?"

ఎర్రన్న లేచి నిలబడి చూశాడు. ఎటు చూసినా నీళ్లే. దూరం పోతానన్నాడు గానీ, ఎటు పోతాడో బావ ఎవరికీ చెప్పలేదు.