మడికొండ దారిలో సుధాకర్ విసిరిన తాడు

నిన్న పొద్దున ఆరింటికి ఫోన్ మోగింది. మా తోడికోడలు సునీత.

"అక్కా, ఆయన లేస్తలేడు" అన్నది.

నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "కరెంటా?"

"కరెంటేంది అక్కా? నిద్రల్నే... చాయ్ తీస్కపోయి లేపిన..."

తర్వాత డాక్టర్ గుండె అన్నారు. మా మరిది సుధాకర్ ఇక లేడు.



నేను ఆ ప్రశ్న ఎందుకు అడిగానో సునీతకు తెలియదు. మన కుటుంబంలో ఎవరికీ తెలియదు. ఈ పోస్ట్ మనవాళ్ల కోసమే.

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చింది ఎనభైల చివర్లో. వరంగల్‌లో మనది ఇనుప సామాను దుకాణం. సుధాకర్ అప్పుడు డిగ్రీ చదువుతున్నాడు, నా ఈడువాడే. తనకు ఒకటే పిచ్చి, ఫ్లై కాస్టింగ్. అంటే గాలం తాడును ఎవరు ఎక్కువ దూరం విసురుతారో అని పోటీ.

కాజీపేటలో రిటైరైన ఒక ఆంగ్లో ఇండియన్ రైల్వే గార్డు నేర్పించాడు. అందరూ ఆయన్ని గార్డ్ దొర అనేవారు. ఈ ఆటకు నీళ్లు అక్కర్లేదు, గడ్డి మీదే. తొమ్మిది అడుగుల సన్నని కర్ర, రీలు, ముందు ముప్పై అడుగులు లావు తాడు, దాని వెనక సన్నని నైలాన్. కొసన ముల్లుకు బదులు ఊలు ముక్క. అది ఎక్కడ పడితే అక్కడికి కొలత.

మనింట్లోకి కోడిగుడ్డు కూడా రాదు. అత్తమ్మ ఊరుకుంటుందా?

"షావుకార్ల ఇంట్ల పుట్టి చాపలు వడ్తవారా? నలుగురు ఇంటె దుకాణానికి వస్తరా?"

"ముల్లే లేదమ్మా, నీ కోడలి స్వెటర్ల ఊలు. చాప చూసినా నవ్విపోతది."

అలా పర్మిషన్ వచ్చింది. తను కొలుచుకుంటే ఎప్పుడూ రెండడుగులు ఎక్కువే వచ్చేది, అందుకని కొలిచే పని నాకు పడింది. పొద్దున్నే ముగ్గురం ఒకే స్కూటర్ మీద, కర్ర నా ఒళ్లో. మా ఆయన మమ్మల్ని మడికొండ దారిలో ఒక ఖాళీ జాగాలో దించి దుకాణానికి పోయేవారు. సుధాకర్ నిలబడే చోట ఒక మేకు పాతేవాళ్లం. అక్కడి నుంచి ఊలు పడిన చోటు దాకా టేపు పట్టి నోట్‌బుక్‌లో రాసేదాన్ని.

"నూటరెండు రాయి వదినె."

"నూరు."

"తాడు జర వంకర వడ్డది. సక్కగ గుంజితె నూటరెండు."

"వంకరకు మార్కుల్లేవు. నూరే."

ఆ ఏడు హైదరాబాద్‌లో పోటీ. వారం ముందు గార్డ్ దొర తన కార్బన్ కర్ర ఇచ్చాడు, ఆస్ట్రేలియాలో ఉన్న తమ్ముడు పంపింది. నల్లగా, చేతిలో ఉన్నట్టే ఉండదు. దాంతో ఊలు వెళ్లి ఎదురుగా ఉన్న తుమ్మకంపలో పడటం మొదలైంది. కంపలో టేపు పట్టలేను.

అందుకని నేనే మేకు పీకి, ఇరవై అంగలు వెనక్కి పాతాను.

ముందు ఎంత జాగా ఉందో టేపు పెట్టి మరీ చూసుకున్నాను. వెనక్కి తిరిగి చూడలేదు.

తాడు ముందుకు పోవాలంటే మొదట వెనక్కి పోయి, గాలిలో పూర్తిగా చాపుకోవాలి. రోజూ చూస్తున్నదే. కానీ నేను కొలిచేది ముందువైపే.

మూడో విసురుకు తాడు తిరిగి రాలేదు.

వెనక కరెంటు తీగలకు చుట్టుకుంది. పెద్ద లైను. పొద్దుటి మంచుకు జుయ్యిమని మోగుతోంది.

చెట్టుకు చిక్కిన తాడు విడిపించినట్టే, సుధాకర్ కర్ర నిలువుగా ఎత్తి తీగల కిందికి నడవడం మొదలుపెట్టాడు.

కర్రతో పాటు వచ్చిన కాగితం నేను చదివాను. ఏ కాగితం వచ్చినా చదివే అలవాటు నాది. కార్బన్‌లో కరెంటు పారుతుందని అందులో ఉంది.

"సుధాకర్! కింద పడెయ్! దాంట్ల కరెంటు పారుతది!"

"ఇనుము ఏదో, కర్ర ఏదో ఇనుప దుకాణపోనికి చెప్తవా వదినె?" నవ్వుతున్నాడు. "ఈ తాడు వోతె మళ్ల దొరకది."

నేను నూరడుగుల అవతల ఉన్నాను. చీర కుచ్చిళ్లు చేత్తో పట్టుకొని పరుగెత్తాను. దగ్గరికి వెళ్లేసరికి కర్ర కొసకూ తీగకూ మధ్య మనిషెత్తు ఖాళీ ఉందేమో. అరిస్తే వినడని అర్థమైంది. వెనక నుంచి తన చొక్కా రెండు చేతులతో పట్టుకున్నాను.

"ఇగ ఎత్తు. ఇద్దరం పోదాం. మీ అన్నకు ఎవలన్న చెప్తరు."

తిరిగి నా ముఖం చూశాడు. కర్ర వదిలేశాడు.

దూరంగా వచ్చి గడ్డిలో కూలబడ్డాం. నా పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. తన పళ్లు కూడా.

లైన్‌మన్ వచ్చి, కరెంటు ఆపించి, తాడును ముక్కలుగా కోసి దింపాడు. "ఏం సార్, తీగెల మీద చాపలు ఈత కొడ్తున్నయా?" అన్నాడు. మాకు నవ్వు రాలేదు.

ఇంట్లో అత్తమ్మ నిలదీసింది. "రోజు ఆడే జాగ ఇడిశిపెట్టి తీగెల దగ్గరికి ఎవలు పొమ్మన్నరు?"

నేను నోరు తెరిచేలోపే, "నేనే వోయిన. వదినె వద్దనే అన్నది" అన్నాడు సుధాకర్.

అత్తమ్మ చీపురు తిరగేసి తనను బాదింది. నేనేమో కొత్త కోడలిని. భయంతో గోడకు ఆనుకొని చూస్తూ నిలబడ్డాను.

పోటీకి పాత వెదురు కర్రతోనే పోయాడు. చివరి నుంచి రెండో స్థానం. "నా ఎనక ఒకడున్నడు" అని వాడకట్టంతా స్వీట్లు పంచాడు.

ఆ తర్వాత ఇన్నేళ్లూ నాకు భయమే. తను దాబా మీద ఏరియల్ సరిచేస్తున్నా, వానలో బయటికి పోయినా, వేళ కాని వేళ ఫోన్ మోగినా. ఆ రోజు తప్పిన గండం మళ్లీ వెతుక్కుంటూ వస్తుందేమో అని.

తను మాత్రం ఒక్కసారి కూడా ఆ మేకు మాట ఎత్తలేదు. దుకాణం వాటాల దగ్గర గొడవ పడ్డప్పుడు కూడా.

నిన్న సుధాకర్ పక్కన కూర్చొని మెల్లగా చెప్పాను. గది నిండా ఏడుపులు, ఎవరికీ వినపడలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను, అందరూ చదవండి. మేకు జరిపింది నేను. అక్కడికి పోవద్దని నేను అనలేదు. దెబ్బలు తిన్నది సుధాకర్.

పోయిరా సుధాకర్.

ఇగ ఎవల తప్పూ నెత్తినేసుకోకు. నిమ్మలంగ ఉండు.