రాలిన గింజలు ఎవరివి?

విన్ అంటే గెలుచు. ఆట గెలవొచ్చు, పందెం గెలవొచ్చు, దావా గెలవొచ్చు. ముప్పై ఏళ్లు పిల్లల చేత ఇదే వల్లె వేయించాను. నేను చదివింది తెలుగులో, ఇంగ్లీషు పాఠం నెత్తిన పడితే చెప్పినవాణ్ణి. సరే, ఆ గోల ఇప్పుడెందుకు! గెలవడమంటే ఏమిటో నా మొహం మీద కొట్టినట్టు చెప్పింది మాత్రం సమ్మమ్మ. ఆమెకు జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అరవై రెండులో మాట. మరిపెడ నుంచి ఇద్దరు పిల్లలతో వచ్చిన సమ్మమ్మ, వరంగల్ ధాన్యం బజారులో వీరభద్రం సేటు దుకాణం ముందు ఊడ్చేది. కూలి లేదు. బస్తాలు దింపేటప్పుడు నేల మీద రాలిన వడ్లు ఊడ్చినవాళ్లవి. అదీ బజారు రివాజు. ఆ యేడు సేటు అవీ నావేనంటూ చాట లాక్కున్నాడు. బస్తాల మీద బస్తాలున్నవాడికి ఆ పిడికెడు గింజలు కావాలట!

సమ్మమ్మ బజారు పెద్దలను కూర్చోబెట్టింది. "నేల మీద పడ్డది ఊడ్సినోళ్లదే" అని వాళ్లు తేల్చారు.

నేను ఎగురుకుంటూ వెళ్లాను. "గెల్సినవ్ సమ్మమ్మా! ఇంగ్లీషుల దీన్ని విన్ అంటరు."

"ఏ భాషలనైతేంది పంతులూ, ముందుగాల చాటల పడనీ."

మర్నాడు చూస్తే దుకాణం ముందు జానెడు నేల కనబడకుండా గోనెపట్టలు పరిచాడు ఆ మహానుభావుడు. పైగా నవ్వు.

"నేల మీదిది నీదే అవ్వా. నేల యాడున్నదో దేవులాడుకో!"

"నేలనే లేకుంటె నేనేం ఊడ్వాలె సేటూ?" అని ఆమె చీపురు చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. బజారులో ఊడ్చే మిగతా ఆడవాళ్లూ ఆమె పక్కనే నిలబడ్డారు. ఆ దుకాణం ముందు చీపురు పెట్టినవాళ్లు లేరు.

నాలుగు రోజుల్లో పొట్టు, ఎద్దుల పేడ గుట్టలు పడ్డాయి. "ఈ పెంటల పొయ్యాల్నా మా వడ్లు?" అని రైతులు బండ్లు పక్క దుకాణానికి తోలారు. ఐదోనాడు సేటు కబురు పెట్టాడు.

"పట్టలు నీ చేతులతోని ఎత్తు సేటూ, అందరి ముంగట," అంది సమ్మమ్మ. ఎత్తాడు.

నా నోరు ఊరుకోదు కదా. "ఇప్పుడు గెల్సినవ్!" అన్నాను.

ఆమె చాట నేలకేసి కొట్టింది.

"ఏం గెల్సిన పంతులూ? నాదే నాకచ్చింది. ఐదు దినాలు పొల్లగాండ్లు ఉత్త గంజి తాగిండ్రు. అది ఎవ్వడిస్తడు?"

ఆమె మళ్లీ చాట ఎత్తి, నన్ను పక్కకు జరగమని, ఊడ్చిన గింజల్లోంచి మట్టి చెరగసాగింది.