చాసీలో ఉప్పు మూట

పోయిన వారం మదనపల్లెలో, పుంగనూరు రోడ్డు పక్కనున్న టింకరింగ్ షెడ్డులో, జాకీల మీద ఎత్తి నిలిపిన మా పాత వ్యాను కింద కూర్చుని, చదువుకున్నవాడు ఇనుమును చూసే పద్ధతిలో, అంటే ఏమీ అర్థం కాకపోయినా తల ఊపుతూ చూస్తుండగా, పైనుంచి పిడికెడంత నల్లటి గడ్డ ఒకటి ఊడి నా ఒళ్ళో పడింది.

పాత బండిని బాగుచెయ్యడమంటే ఏదో సున్నితమైన వ్యవహారమని అంతవరకూ అనుకునేవాణ్ణి. తుడవడం, రంగు పూయడం, మధ్యమధ్యలో టీ తాగడం. షెడ్డు యజమాని భాయ్ మొదటిరోజే ఆ భ్రమ తీర్చేశాడు. సమ్మెటతో ఫ్లోరు మీద ఒక్కటి వేస్తే తుప్పు చిప్పలు చిప్పలుగా ఎగిరింది. గ్రైండరు పెట్టి కోస్తే నిప్పురవ్వలు గోడదాకా కొట్టాయి. కోసిన రేకును పట్టకారుతో పట్టి, చాసీకి కాలు తన్నిపెట్టి లాగితే అది పశువు అరిచినట్టు అరిచింది. వైద్యం కంటే హత్యకే దగ్గరగా ఉండే పని. ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో మా అన్న, చేతికర్ర మోకాళ్ళ మధ్య పెట్టుకుని, ప్రతి దెబ్బకూ దవడ బిగిస్తూ కూర్చున్నాడు. ఆ దవడ సంగతి తర్వాత చెబుతాను.

ఈ పనికి మూలకారణం మా అన్న కూతురు. హార్స్లీ హిల్స్ మీద చిన్న టిఫిన్ కొట్టు నడుపుతోంది. పాత వ్యానులో నిలబడి కాఫీ అమ్మితే వచ్చినవాళ్ళు కాఫీ తాగినా తాగకపోయినా ఫోటో మాత్రం దిగుతారని లెక్క వేసి, మా చేని దగ్గర కొట్టంలో కంపచెట్లు మొలిచి పడివున్న ఈ వ్యానును అడిగింది. పాతసామాన్ల వాళ్ళు ఎందరొచ్చినా కర్ర పట్టుకుని తరిమిన మా అన్న, కూతురు అడిగేసరికి మెత్తబడ్డాడు. అయితే చాసీ మాత్రం పాతదే ఉండాలన్నాడు. యాల, ఎందుకు అని అడిగితే చెప్పలేదు. మా ఇంట్లో కారణాలు చెప్పే అలవాటు ఎవరికీ లేదు, పనులు చేసే అలవాటే ఉండేది, అదే మా కష్టాలకు మూలం.

మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఒకప్పుడు మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా కుప్పం దాకా బస్సుల కంటే వ్యాన్లనే జనం ఎక్కువ నమ్ముకున్న కాలం ఒకటుండేది. లోపల మనుషులు, కాళ్ళ కింద టమాటా గంపలు, టాపు మీద మేకలు. మనుషులు టమాటాలను తొక్కేవారు, టమాటాలు కారి ఫ్లోరును తినేవి, మేకలు ఏం చేసేవో మర్యాదస్తులు రాయరు. ఆ దారిలో మొదటి వ్యాను మా నాయనదే. రెండోది మా పెదనాయనది, అంటే మా నాయనకు సొంత అన్న కాదు, దాయాది. ఆయన వ్యాను కొన్నందుకు మాకు బాధ లేదు. మా వ్యానుకు అయిదు నిమిషాల ముందు బయల్దేరడం మొదలుపెట్టాడు. దారిలో ఎదురుచూసే జనాన్నంతా ముందే ఎక్కించుకుని పోతే, వెనకొచ్చే మాకు మిగిలేది వాళ్ళు ఉమ్మిన తాంబూలం. అయిదు నిమిషాలంటే మీకు చిన్న సంగతి కావచ్చు. మా వైపు అంతకంటే చిన్నవాటికి తలకాయలు పోయాయి.

మొదట టైర్లలో మేకులు దిగాయి. తర్వాత డీజిలు ట్యాంకులో ఇసుక పడింది. ఎవరి ట్యాంకులో ఎవరు ముందు పోశారన్నది ఇప్పటికీ చరిత్రకారులు తేల్చవలసిన విషయం. తర్వాత రాయి అద్దం పగలగొట్టి లోపలికొచ్చి మా క్లీనరు ముందుపళ్ళు రాల్చింది. ఆపైన వాళ్ళ డ్రైవరును మావాళ్ళు సోమల క్రాసులో దించి, చింతబరికెలు విరిగేదాకా కొట్టారు. చివరికి ఒకరోజు పట్టపగలు పుంగనూరు బస్టాండు ముందర, టీ గ్లాసు చేతిలో ఉండగానే మా నాయనను కిందపడేసి, ఎడమచెయ్యి అరుగు అంచుమీద పెట్టి, ఇనపరాడ్డుతో కొట్టారు. ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. కుడిచెయ్యి ముట్టుకోలేదు. గేరు వేసేది ఎడమచెయ్యి కదా. పని తెలిసినవాళ్ళు.

చెయ్యి వంకరగా అతుక్కుంది. నాయన మళ్ళీ వ్యాను తోలలేదు. పోలీసు కేసుకు భయపడి పెదనాయన కోలారు వైపు బంధువుల దగ్గరికి పోయాడు; ఆయన వ్యాను మాత్రం తిరుగుతూనే ఉండింది. మాది ఇంటిముందు నిలబడిపోయింది. మా అన్న దాని టైర్లలో గాలి తగ్గకుండా చూసుకుంటూ, వారానికోసారి ఇంజను ఆన్ చేసి వింటూ, పెదనాయన తిరిగొచ్చే రోజుకోసం ఏడాది కాచుకున్నాడు. రోజూ పొద్దున్నే సానరాయి ముందు కూర్చునేవాడు. మా ఇంట్లో కోడికూతకు బదులు వేటకొడవలి నూరే చప్పుడుతో నిద్రలేచేవాళ్ళం. తల తీస్తానని అందరి ముందరా ఒట్టు పెట్టుకున్నాడు. నాయన వద్దని అనలేదు. వంకరచేతిని ఒళ్ళో పెట్టుకుని ఆ చప్పుడు వినేవాడు, అంతే.

మా అమ్మ ఒక్కతే ఒకసారి నోరు తెరిచింది.

"ఆ తల తెచ్చి నాకేం చేయమంటావప్పా? చెట్టుకు కడితే కాస్తుందా?"

"నువ్వు లోపలికి పోమ్మా. ఇది ఆడోళ్ళ పని కాదు."

అమ్మ లోపలికి పోయింది. ఆడవాళ్ళ పని చేసుకుంది. ప్రతి అమావాస్యకూ నల్లగుడ్డలో దోసెడు రాళ్ళుప్పు, ఎండుమిరపకాయలు, ఆవాలు వేసి మూటగట్టి, వ్యాను చుట్టూ దిష్టి తీసేది. దిష్టి తీసిన ఉప్పును ఎవరైనా నాలుగు దారుల్లో పారేస్తారు, లేదా నిప్పుల్లో వేస్తారు. మా అమ్మ మాత్రం వ్యాను కిందికి దూరి, చాసీ నడుమ రెండు ఛానళ్ళు, అంటే ఇనప దూలాలు, కలిసే చోట పెట్టెలా ఉండే గుల్లలో ఆ మూటను కూరేది. తర్వాత పసుపునీళ్ళు చెంబుతో అక్కడే గుమ్మరించేది. పాత మూట తీసేది కాదు. తీస్తే పట్టుకున్న కన్ను మళ్ళీ బయటికొస్తుందట. మా అన్నకు ఇది బాగా నచ్చింది. పోరుకు పోయే బండికి అమ్మ రక్ష కడుతోందని బంధువులకు చెప్పుకుని మురిసేవాడు. ఎకనామిక్స్‌లో డిగ్రీ చేసి ఇంట్లో కూర్చున్న నేను దాన్ని మూఢనమ్మకమని తీర్మానించి, అంతటితో నా చదువు బాధ్యత తీరిందనుకున్నాను.

వానలు పోయాక పెదనాయన తిరిగొచ్చాడు. రెండోరోజే తన వ్యానులో కుప్పం పోతున్నాడని కబురు తెలిసింది. మా అన్న, మా బావ, మేనమామ కొడుకులు వ్యానులోకెక్కారు. ఫ్లోరు నిండా రాళ్ళు పోశారు, వాటిమీద గోనెపట్టలు, పట్టల కింద వేటకొడవళ్ళు. నాకు సైకిలు చైను ఇచ్చారు. ఎకనామిక్స్ చదివినవాడికి తక్కువ ఖర్చులో పోయేది ఇవ్వడం సబబే.

పుంగనూరు దాటి, పలమనేరు దాటి, కుప్పం రోడ్డు పట్టాక ముందర వాళ్ళ వ్యాను కనబడింది. పెదనాయన డ్రైవరు పక్క సీట్లో కూర్చుని, చెయ్యి కిటికీ బయటికి వేలాడదీసి ఉన్నాడు. ఆ చెయ్యి చూసేసరికి మా అన్న మొహం మనిషి మొహంలా లేదు. పక్కకు తోసుకుపోయి గుద్ది, వాళ్ళను గుంతలోకి నెట్టి, దిగి నరకాలన్నది ఆలోచన. యాక్సిలేటరు తొక్కేశాడు. మా ముందుచక్రం వాళ్ళ వెనకచక్రానికి సమంగా వచ్చింది. బావ కొడవలి తీశాడు.

రోడ్డులో ఒక చిన్న గుంత. అంతే. తుపాకీ పేలినట్టు చప్పుడైంది. చాసీ నడుమ విరిగి, వ్యాను బర్రెగొడ్డులాగా రోడ్డు మీద చతికిలబడింది. ఫ్లోరు నోరు తెరిచింది. మేం మోసుకొచ్చిన రాళ్ళన్నీ ఆ నోట్లోంచి రోడ్డు మీదికి పోసుకుంటూ పోయాయి, వాటి వెంట కొడవళ్ళు, వాటి వెంట బావ కాలు. బండి ఆగేలోపల ఆ పాదం కంకరరోడ్డు మీద అరిగింది. తోలు పోయింది, కండ పోయింది, తెల్లగా ఎముక కనబడింది. బావ అరుపు నాకు ఇప్పటికీ ప్రెషర్ కుక్కరు కూతలో వినబడుతుంది.

ముందుపోయిన వ్యాను ఆగింది. పెదనాయన దిగాడు, వెనక రాడ్లతో ఆయన మనుషులు. మా ఆయుధాలు మాకు వెనక, రోడ్డు పొడుగునా, అమ్మకానికి పరిచినట్టు పడివున్నాయి. నా చేతిలో సైకిలు చైను ఉంది గానీ, ఆ సమయంలో సైకిలు రిపేరు చేస్తున్నట్టు కనబడడమే మంచిదనిపించింది. పెదనాయన నేరుగా మా అన్న దగ్గరికొచ్చి, స్టీరింగు వెనకనుంచి బయటికి లాగి, రాడ్డుతో దవడ మీద కొట్టాడు. దవడ పక్కకు తిరిగింది. కిందపడ్డాక డొక్కలో తన్నాడు. రాడ్డు మళ్ళీ ఎత్తాడు, ఈసారి తలకు. మా పని అయిపోయిందనుకున్నాను. అప్పుడు వ్యాను కింద బావ ఇంకోసారి అరిచాడు.

పెదనాయన వంగి చూశాడు. ఫ్లోరు రేకు మధ్య ఇరుక్కున్న ఆ కాలును చూశాడు.

"థూ! సంపేదానికొచ్చి ఇట్లా సచ్చేదేందిరా? రాండ్రా, ఎత్తండి బండిని!"

కొట్టడం ముందు, ఎత్తడం తర్వాత. క్రమం ఎక్కడా తప్పలేదు. ఆయన మనుషులూ మేమూ కలిసి భుజాలు పెట్టి ఎత్తాం. బావను, మా అన్నను ఆయన వ్యానులోనే కుప్పం ఆసుపత్రికి తీసుకుపోయాం.   ఆ తర్వాత రెండిళ్ళ మధ్య మాటలు ఎప్పటికీ కలవలేదు గానీ, రాడ్లు కూడా కలవలేదు. తన ప్రాణం తీసే రాడ్డును ఎత్తి, కొట్టకుండా దించినవాడి తల తీస్తానని మళ్ళీ ఒట్టు పెట్టుకోవడానికి మా అన్నకు నోరు రాలేదు. వచ్చినా దవడ పలకలేదు. చాసీ విరిగిందెందుకంటే అందరూ టమాటా రసం అన్నారు. అమ్మ కూడా అదే అంది. వ్యానును ట్రాక్టరుతో లాక్కొచ్చి కొట్టంలో పడేశాం.

ఇప్పుడు నా ఒళ్ళో పడిన గడ్డను భాయ్ తీసుకుని చిదిమి చూశాడు. తుప్పు, గుడ్డ, మధ్యలో గట్టిపడిన తెల్లటి పలుకులు. పైన గుల్లలో అలాంటివి ఇంకా వరసగా అతుక్కుని ఉన్నాయి. ఆ చుట్టుపక్కల ఛానల్ మందం కాగితం లాగా అయిపోయి ఉంది. మిగతా చాసీ మీద మాత్రం సమ్మెట వేస్తే ఖంగుమంటోంది.

"టమాటా పులుపు సార్. ఇనుముకు కేన్సరు సార్ అది," అన్నాడు భాయ్, తీర్పు చెప్పినట్టు.

మా అన్న కర్ర పట్టుకుని లేచి వచ్చాడు. ఆ పలుకు ఒకటి తీసి నాలిక మీద పెట్టుకున్నాడు. నేను వద్దనేలోపలే. దవడ టక్కుటక్కుమంటుండగా దాన్ని చప్పరించాడు.

"ఒరే, అమ్మ మనల్ని ఉప్పుజాడీలో ఇనపగంటె ఎప్పుడన్నా పెట్టనిచ్చిందా?"

ఎప్పుడూ పెట్టనివ్వలేదు. పెడితే చేతిమీద ఒక్కటిచ్చేది. ఉప్పు ఇనుమును తినేస్తుందని మాకు అక్షరాల కంటే ముందు నేర్పింది ఆమె. ఆ మాట ఇన్నేళ్ళు నా తలలోనే ఉంది, ఆ ఉప్పుమూటలూ నా తలలోనే ఉన్నాయి, ఒకదాన్ని ఒకటి చూసుకోలేదు. ఆమె పోయి చాలాకాలమైంది. అడగడానికి లేదు. బతికుండగా అడిగినా, దిష్టి తీశానప్పా అనే అనుండేది.

"కోసెయ్యప్పా, ఆ ముక్క," అన్నాడు మా అన్న భాయ్‌తో. కోసిన ముక్కను తువ్వాలులో చుట్టుకుని ఇంటికి తీసుకుపోయాడు.

ఇప్పుడు మా ఇళ్ళల్లో కూడా పగలున్నాయి. పిల్లకాయలు ఫోన్లలో తిట్టుకుంటారు, కోర్టుల్లో తేల్చుకుంటారు, పొద్దున్నే సానరాయి చప్పుడు లేదు, మంచిదే. కానీ ఇంట్లో ఒక మనిషి, ఎవరికీ చెప్పకుండా, పేరు కోరకుండా, మన కోపాన్ని మోసే బండిని కిందనుంచి మెల్లగా ఉప్పు చేత తినిపించడం కూడా లేదు. అన్నీ కొత్తగా, గట్టిగా ఉంటున్నాయి. వచ్చే నెల మా వ్యాను హార్స్లీ హిల్స్ ఎక్కుతుంది. భాయ్ కొత్త ఛానల్ అతికి, తుప్పు పట్టకుండా నల్లరంగు కొట్టి, చాసీ మీద ఎక్కి గెంతి చూపించాడు. ఇక ఎంత బరువు పెట్టినా విరగదట.

నాకు కొంచెం దిగులుగా ఉన్నది అందుకే.